బాస్ కొట్టే దెబ్బ నుంచి మొదలుపెట్టండి: ఫాంటసీ ఆన్‌లైన్ గేములో పాత్రలు, వాటి లెక్కలు

కొత్తగా ఫాంటసీ మల్టీప్లేయర్ గేము డిజైన్ చేసేవాళ్లు నోట్‌బుక్కు తెరవగానే పాత్రల పేర్లు రాస్తారు. యోధుడు, మాంత్రికుడు, విలుకాడు, పూజారి. తర్వాత ఒక్కొక్కరికి ఎనిమిదేసి శక్తులు. నెల తిరిగేసరికి ముప్పైకి పైగా శక్తులు పోగవుతాయి గానీ, ఐదుగురు కలిసి ఎందుకు ఆడాలో మాత్రం ఎక్కడా ఉండదు. ఒకడు ఒంటరిగా తీర్చుకోలేని ఇబ్బందిని పక్కవాడు తీరిస్తే, అప్పుడు పక్కవాడికి ఒక పాత్ర ఉన్నట్టు. అందుకని పని తిరగేసి మొదలుపెట్టండి. బాస్, అంటే చివర ఎదురయ్యే పెద్ద శత్రువు, ఎంత గట్టిగా కొడతాడో ముందు రాయండి. దాన్ని ఓర్చుకునేదెవరు, మాన్పేదెవరు, బాస్‌ని కూల్చేదెవరు అన్నవి ఆ అంకెల్లోంచే వస్తాయి.

ఇక్కడ ఐదుగురు ఆడే డంజన్ (శత్రువులతో నిండిన గుహలాంటి చోటు) ఒకటి తీసుకుని, అందులో చివరి బాస్ పోరును మొత్తం లెక్క కడదాం. కావలసినవి ఒక స్ప్రెడ్‌షీట్, కొన్ని పాచికలు, ఓ సాయంత్రం ఖాళీగా దొరికే ఐదుగురు స్నేహితులు. గేమ్ ఇంజన్ జోలికి ఇప్పుడే వెళ్లకండి.

1. పాత్రలు ఎన్నో తేల్చుకోండి

మొదటి గేముకు మూడు చాలు. 1974లో వచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ తొలి కూర్పులోనూ మూడే: యోధుడు, మాంత్రికుడు, క్లెరిక్ (పూజారి). 1999 నాటి ఎవర్‌క్వెస్ట్‌లో పార్టీకి తప్పనిసరి అనుకున్న ముగ్గురు వారియర్, క్లెరిక్, ఎన్‌చాంటర్. ఈ ఎన్‌చాంటర్ అసలు పని చంపడం కాదు, గుంపుగా మీద పడే రాక్షసుల్లో ఒకణ్ని వదిలి మిగతావాళ్లను మంత్రంతో కట్టిపడేయడం. 2004లో వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ ఆ పనిని చాలా క్లాసులకు (పాత్రల రకాలకు) తలా కాస్త పంచింది. ట్యాంకు (దెబ్బలు ఓర్చుకునేవాడు), హీలరు (మాన్పేవాడు), డీపీఎస్ (శత్రువును కొట్టి కూల్చేవాడు) అన్న అమరికకు అందరూ అలవాటు పడింది ఆ తర్వాతే.

నాలుగో పాత్రగా ‘కట్టిపడేసేవాణ్ని’ పెట్టాలని చెయ్యి లాగుతుంది. ఆగండి. బాస్‌ని కూడా కట్టిపడేయగలిగితే పోరే ఉండదు. బాస్ మీద ఆ మంత్రం పనిచేయదంటే, గేములో అన్నిటికన్నా ముఖ్యమైన పోరులో ఆ ఆటగాడికి పనే ఉండదు. దీనికి మధ్యేమార్గం వార్‌క్రాఫ్ట్ చేసిందే: ఆ శక్తిని మిగతా పాత్రలకు ఒకటీ రెండూ చొప్పున పంచేయండి.

అసలు పాత్రలే వద్దు, అందరూ అన్నీ చేస్తారంటే? 2012లో గిల్డ్ వార్స్ 2 దాదాపు అదే ప్రయత్నం చేసింది. ప్రత్యేకంగా హీలర్లు లేరు, ప్రతి ఒక్కరికీ తనను తాను బాగుచేసుకునే శక్తి ఒకటి ఉంటుంది. ఆలోచన మంచిదే. తీరా డంజన్లలో జరిగిందేమిటంటే, గట్టిగా కొట్టే బెర్సర్కర్ సామాను అందరూ తొడుక్కోవడం, ఒక మూల గుంపుగా నిలబడి శత్రువు తేరుకునేలోపే కూల్చేయడం. 2015లో వచ్చిన దాని విస్తరణ హార్ట్ ఆఫ్ థార్న్స్‌లో పదిమంది ఆడే పెద్ద డంజన్లు, అంటే రెయిడ్లు, పెట్టినప్పుడు, వాటితోపాటే హీలింగ్ చేయగల డ్రూయిడ్‌ని కూడా తేవాల్సి వచ్చింది. ఇబ్బంది తీసేస్తే పాత్రలు కరిగిపోయి అందరూ ఒకే అచ్చులోకి వస్తారు.

క్లాసులు లేకుండా నైపుణ్యాలను ఇష్టమొచ్చినట్టు కలుపుకోనిస్తే ఇంకో తంటా. 1997లో వచ్చిన అల్టిమా ఆన్‌లైన్‌లో మొత్తం 700 పాయింట్లు, ఒక్కో నైపుణ్యానికి 100 హద్దు. అంటే ఏడు నైపుణ్యాలు నిండుగా. కలయికలు వందల్లో వస్తాయని కాగితం మీద అనిపిస్తుంది. ఆటలో గెలిచేవి రెండు మూడే. ‘ట్యాంక్ మేజ్’ అన్న మాట పుట్టింది అక్కడే: బరువైన ఆయుధమూ వాడే, మంత్రమూ వాడే. స్వేచ్ఛ ఇవ్వాలనుంటే ముందు కలవకూడని జతలు రాసుకోండి.

2. బాస్ దెబ్బ రాయండి

షీటులో మొదటి గడి ఇదే. మన బాస్ 2 సెకన్లకోసారి 1,600 కొడతాడు. దీన్ని కవచం తగ్గిస్తుంది. తగ్గింపుకు ఈ సూత్రం వాడండి:

తగ్గింపు = కవచం ÷ (కవచం + 1,000)

ట్యాంకు కవచం 1,000 అయితే దెబ్బ సగమై 800కు దిగుతుంది. ట్యాంకు హెల్త్ 8,000 పెడితే హీల్ లేకుండా పది దెబ్బలు, అంటే 20 సెకన్లు నిలబడతాడు. డీపీఎస్ కవచం సుమారు 110, తగ్గింపు 10 శాతం, దెబ్బ 1,440. హెల్త్ 4,000. మూడో దెబ్బకు నేల మీద ఉంటాడు. ఈ తేడాయే ట్యాంకు పాత్ర. 20 సెకన్లకూ ఐదారు సెకన్లకూ మధ్య ఉన్న ఎడాన్ని కుదిస్తే ‘ట్యాంకు ఎందుకు, నేనే కొట్టేస్తా’ అంటారు. మరీ పెంచి ఒక్క దెబ్బకే చనిపోయేలా చేస్తే, ట్యాంకు చేసిన ఒక్క పొరపాటుకు హీలరు చేయగలిగేదేమీ ఉండదు. పక్కవాడికి రెండు దెబ్బలు ఓర్చుకునే వెసులుబాటు ఉంచండి.

ఈ సూత్రమే ఎందుకంటే, శాతాలు నేరుగా కూడితే కొంప మునుగుతుంది. కవచం 50 శాతం, డాలు 25 శాతం, పానీయం 20 శాతం తగ్గిస్తాయనుకుని కూడారనుకోండి, 95 శాతం. 1,600 దెబ్బ 80కి పడిపోయింది. ఇంకో 5 శాతం ఉంగరం దొరికితే వాడు అమరుడు. పై సూత్రంలో కవచం 2,000 అయితే తగ్గింపు 66.7 శాతం, 3,000 అయితే 75 శాతం. ఎన్నటికీ వందకు చేరదు. అయినా ప్రతి వెయ్యి కవచానికీ ట్యాంకు ఓర్చుకోగల మొత్తం దెబ్బ సమానంగా పెరుగుతుంది: 16,000, తర్వాత 24,000, తర్వాత 32,000. డాలు, పానీయం లాంటివి కూడకుండా గుణించండి. సగంలో ముప్పావు, అందులో ఎనభై శాతం. అంటే 30 శాతం దెబ్బ ఇంకా తగులుతుంది.

3. హీలరు చేతికి పని లెక్కగట్టండి

ట్యాంకుకు సెకనుకు 400 పోతోంది. దీనికి తోడు, 30 సెకన్లకోసారి బాస్ నిప్పు ఊదుతాడు. కవచం దాన్ని ఆపదు, ఐదుగురికీ తలా 1,500 తగులుతుంది.

హీలరుకు రెండు మంత్రాలు ఇవ్వండి. ఒకటి ఒక్కరికి 2,000 ఇచ్చేది, రెండోది అందరికీ తలా 500 ఇచ్చేది. రెంటికీ 2.5 సెకన్లు పడుతుంది. 30 సెకన్లలో హీలరుకు పన్నెండు మంత్రాల సమయం ఉంటుంది. నిప్పు దెబ్బ మాన్పడానికి అందరి మంత్రం మూడుసార్లు. ట్యాంకు కోల్పోయే 12,000 నింపడానికి ఒక్కరి మంత్రం ఆరుసార్లు. తొమ్మిది పోగా మూడు మిగిలాయి, అంటే పావు వంతు సమయం ఖాళీ.

ఆ పావు వంతును కదపకండి. పన్నెండుకు పన్నెండూ నింపితే ఒక్క మంత్రం తప్పగానే పార్టీ పోతుంది, హీలరును తిడతారు, మర్నాడు వాడు డీపీఎస్ ఆడతాడు. ఆరే సరిపోయేలా పెడితే హీలరు ఫోన్ చూసుకుంటాడు. ఖాళీ ఉన్న మూడింట్లో చేయడానికి ఏదో ఒకటి ఉండాలి. ఫైనల్ ఫాంటసీ 14లో తీరిక దొరికిన హీలరు బాస్ మీద రాళ్లో మంత్రాలో వేయడం మామూలు విషయం. ఆ అలవాటు మీ గేములోనూ పెట్టుకోవచ్చు.

ఇక మానా, అంటే మంత్రాలకు ఖర్చయ్యే శక్తి. ఒక్కరి మంత్రానికి 200, అందరిదానికి 300 పెట్టండి. 30 సెకన్లకు ఖర్చు 1,200 + 900 = 2,100. సెకనుకు 40 తిరిగి వస్తుందనుకుంటే 30 సెకన్లకు 1,200. నికరంగా 900 తగ్గుతోంది. పోరు 4 నిమిషాలు అనుకుంటే అలాంటి 30 సెకన్ల విడతలు ఎనిమిది, కావలసింది 7,200. హీలరుకు 9,000 ఇవ్వండి. మిగిలే 1,800తో తొమ్మిది అదనపు హీల్స్ పడతాయి, పార్టీ చేసే తప్పులకు ఉన్న బడ్జెట్ అదే.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. తప్పులే లేకపోయినా 9,000 మానా సరిగ్గా పది విడతలకు, 5 నిమిషాలకు అయిపోతుంది. అంటే బాస్‌కి వేరే ఎన్‌రేజ్ గడియారం పెట్టక్కర్లేదు, హీలరు మానాయే గడియారం. ‘ఇంత సేపట్లో చంపకపోతే అందరూ చస్తారు’ అని తెర మీద రాయడం కన్నా ఇది చాలా బాగుంటుంది. సమయం అయిపోతోందని హీలరు నోటి నుంచే పార్టీకి తెలుస్తుంది.

4. బాస్ హెల్త్ చివర రాయండి

ముగ్గురు డీపీఎస్ సెకనుకు 500 చొప్పున, ట్యాంకు 200, వెరసి 1,700. నాలుగు నిమిషాలకు 4,08,000. అయితే నిప్పు తప్పించుకోవడం, పరుగెత్తడం, దిక్కులు చూడటం కింద 15 శాతం పోతుంది. 3,46,800 మిగిలింది. 3,40,000 పెట్టండి. హీలరు మానా అయిపోయే 5 నిమిషాల హద్దుతో చూస్తే పార్టీ సెకనుకు 1,133 కొట్టినా చాలు, అంటే పూర్తి సామర్థ్యంలో మూడింట రెండొంతులు. మొదటి డంజన్‌కు ఈ వెసులుబాటు సరైనది. కష్టమైన కూర్పు కావాలంటే బాస్ హెల్త్ పెంచండి, దెబ్బ ముట్టుకోకండి. దెబ్బ పెంచితే మూడో అంకంలో కట్టిన లెక్కంతా కూలుతుంది.

5. బాస్ ఎవరివైపు తిరుగుతాడు?

ట్యాంకు మీదే బాస్ ఉండాలంటే అగ్రో లెక్క, అంటే బాస్‌కి ఎవరి మీద ఎంత కోపం ఉందన్న లెక్క, కావాలి. మామూలు పద్ధతి: కొట్టిన ఒక్కో డ్యామేజ్‌కి ఒక త్రెట్ (కోపం పాయింటు). ట్యాంకు డ్యామేజ్‌ని మాత్రం 4తో గుణిస్తాం, సెకనుకు 800. డీపీఎస్‌ది 500. ట్యాంకు ముందుంటాడు కదా అని వదిలేస్తే పొరపాటు, ఎందుకంటే గొడవంతా మొదటి ఐదు సెకన్లలోనే ఉంది.

పోరు మొదలవగానే డీపీఎస్ దాచుకున్నవన్నీ ఒకేసారి వదులుతాడు. ఐదు సెకన్ల పాటు రెట్టింపు, సెకనుకు 1,000 అనుకుందాం. ఐదో సెకనుకు వాడి త్రెట్ 5,000, ట్యాంకుది 4,000. వార్‌క్రాఫ్ట్‌లో ఒక మంచి నియమం ఉంది: బాస్ వెంటనే తిరగడు, దగ్గరుండి కొట్టేవాడు ట్యాంకు త్రెట్‌లో 110 శాతం దాటాలి, దూరం నుంచి కొట్టేవాడు 130 శాతం దాటాలి. మన లెక్కలో హద్దులు 4,400, 5,200. అదే 5,000 త్రెట్‌తో విలుకాడు బతికిపోయాడు, కత్తివాడు చచ్చాడు. పైగా కత్తివాడికి తాను చేసిన తప్పేమిటో అర్థం కాదు.

సరిచేయడానికి ట్యాంకు గుణకాన్ని 6 చేయకండి. అలా చేస్తే తర్వాతి నాలుగు నిమిషాలూ అగ్రో గురించి ఎవరూ ఆలోచించరు. దాని బదులు పోరు మొదట్లో వాడే శక్తి ఒకటి ఇవ్వండి, ఒక్కసారే 1,500 త్రెట్ తెచ్చేది. ఐదో సెకనుకు ట్యాంకు 5,500, కత్తివాడి హద్దు 6,050. నిలబడ్డాడు. చేజారితే పట్టుకోవడానికి టాంట్ (బాస్‌ని వెంటనే తనవైపు తిప్పుకునే శక్తి) ఎలాగూ ఉండాలి. దాని కూల్‌డౌన్, అంటే మళ్లీ వాడేందుకు ఆగాల్సిన సమయం, 8 సెకన్లకు తగ్గనివ్వకండి.

హీల్‌కీ త్రెట్ ఉంటుంది, సాధారణంగా సగం, పోరులో ఉన్న శత్రువులందరికీ సమానంగా పంచి. మన హీలరు సెకనుకు 650 నింపుతాడు, త్రెట్ 325. బాస్‌తో పాటు నడుమ నలుగురు చిన్న రాక్షసులు వచ్చారనుకోండి, ఒక్కొక్కరి ఖాతాలో 65. చిన్న అంకెలా ఉంది గానీ ట్యాంకు ఇంకా వాళ్లను తాకలేదు, వాడి ఖాతా సున్నా. నలుగురూ నేరుగా హీలరు మీదకే పోతారు. ఇది తప్పు కాదు, కావాలనే ఉంచండి, ట్యాంకుకు అప్పుడు పని పడుతుంది. కాకపోతే చిన్నవాళ్లు పుట్టే చోటు హీలరుకు కనీసం మూడు నాలుగు సెకన్ల పరుగు దూరంలో ఉండాలి. నిండుగా ఉన్నవాడికి చేసిన వృథా హీల్‌ను త్రెట్‌లో కలపకండి.

6. దెబ్బకు ముందు గంట కొట్టండి

నిప్పు ఊదబోతున్నాడని ఎంత ముందు చూపించాలి? చూసి తేల్చుకుని మీట నొక్కడానికి దాదాపు ముప్పావు సెకను. సర్వరు సెకనుకు పదిసార్లు లెక్క చూస్తే ఇంకో పదో వంతు. ఆపైన పింగ్, అంటే సర్వరుకు సందేశం వెళ్లి తిరిగొచ్చే సమయం. హైదరాబాదు నుంచి సింగపూర్ సర్వరుకు మంచి బ్రాడ్‌బ్యాండ్ మీద వంద మిల్లీసెకన్ల లోపు ఉంటుంది, అమెరికా సర్వరుకు రెండొందలు దాటుతుంది. డాలస్‌లో ఉన్న బావమరిదీ విజయవాడలో ఉన్న మీరూ ఒకే పార్టీలో ఉంటే ఇద్దరిలో ఒకరు ఎప్పుడూ ఆలస్యమే. వీటన్నిటికన్నా పెద్దది హీలరు మంత్రం: అప్పుడే 2.5 సెకన్ల హీల్ మొదలుపెట్టినవాడు దాన్ని పూర్తి చేయగలగాలి. అందుకని పార్టీ అంతటికీ తగిలే ఏ దెబ్బకైనా 3 సెకన్ల ముందస్తు సూచన కనీసం. సూచన రంగులో మాత్రమే కాకుండా చప్పుడులో కూడా ఉండాలి. హీలరు కళ్లు ఎప్పుడూ హెల్త్ గీతల మీదే ఉంటాయి, బాస్ చేతులెత్తింది వాడికి కనిపించదు.

7. టేబుల్ మీద ఆడి చూడండి

ఒక వంతు 2.5 సెకన్లు అనుకోండి. లెక్క సరిపోవడానికి ట్యాంకుకు తగిలే బాస్ దెబ్బను వంతుకు 1,000 చేయండి. పన్నెండు వంతులు ఒక చుట్టు, చుట్టు చివర నిప్పు. ప్రతి వంతుకూ ప్రతి ఆటగాడూ ఒక పాచిక వేయాలి, ఒకటి పడితే ఆ వంతు పోయినట్టే. ఆరింట ఒకటి అంటే సుమారు 17 శాతం, నాలుగో అంకంలో తీసేసిన 15 శాతానికి దగ్గరే. హీలరు పన్నెండింట్లో సగటున రెండు పోగొట్టుకుంటాడు, తొమ్మిది కావాలి, ఒకటి మిగులుతుంది. ఊపిరి బిగపట్టి ఆడాల్సినంత ఇరుకు అది.

మూడు చుట్లు ఆడితే చాలు, గంట పడుతుంది. మీరు బాస్ తరఫున ఉండి అంకెలు చూడటం మానేసి మనుషులను చూడండి. ఎవరైనా వరుసగా మూడు వంతులు ఆలోచించకుండా అదే పని చెప్తే ఆ పాత్రకు నిర్ణయాలు తక్కువయ్యాయి. ట్యాంకుకు ఇది తరచుగా జరుగుతుంది. 10 సెకన్ల పాటు దెబ్బను సగం చేసే కవచ శక్తి ఒకటి, నిమిషం కూల్‌డౌన్‌తో ఇచ్చి చూడండి. నిప్పుకు ముందు వాడాలా, తర్వాత హీలరు అందరి మంత్రంలో మునిగి ఉన్నప్పుడు వాడాలా అని వాడే తర్జనభర్జన పడతాడు.

టేబుల్ మీద నిలిచాకే కోడ్. పైథాన్ వచ్చినవాళ్లు ఎవెనియా అనే ఉచిత ఇంజన్‌తో అక్షరాల రూపంలోనే ఈ పోరును ఆన్‌లైన్‌లో పెట్టవచ్చు. బొమ్మలు లేకుండా ఆడబుద్ధి కాని పోరు బొమ్మలు తగిలించినా అంతే.

8. క్యూ లెక్క

ఇది చివర్లో గుర్తొచ్చేది, ముందే చేయాల్సింది. గల్లీ క్రికెట్‌లో బ్యాటింగుకు అందరూ ఎగబడతారు, కీపింగుకు ఒక్కడూ రాడు. ట్యాంకుదీ అదే కథ. ఐదుగురి పార్టీకి ఒక ట్యాంకు, ఒక హీలరు, ముగ్గురు డీపీఎస్ అంటే నూటికి ఇరవైమంది ట్యాంకులు కావాలి. పార్టీ కోసం ఎదురుచూసే క్యూలో వందమంది ఉండి 8 మందే ట్యాంకులు, 17 మంది హీలర్లు, 75 మంది డీపీఎస్ అనుకోండి. ఎనిమిది పార్టీలు కడతాయి. 51 మంది డీపీఎస్ కూర్చుని ఎదురుచూస్తారు. ఇంకో పదిమంది డీపీఎస్ వచ్చినా ఒక్క పార్టీ పెరగదు.

వార్‌క్రాఫ్ట్ 2011లో క్యూలో కొరతగా ఉన్న పాత్రతో వచ్చినవాళ్లకు అదనపు బహుమానం ఇవ్వడం మొదలుపెట్టింది. ఫైనల్ ఫాంటసీ 14లోనూ అలాంటి ఏర్పాటు ఉంది. అంతకన్నా ముఖ్యం, అక్కడ ఒకే క్యారెక్టర్ అన్ని జాబ్‌లూ నేర్చుకోవచ్చు, నలుగురి పార్టీకి ఇద్దరే డీపీఎస్. బహుమానం కన్నా ఈ రెండో దారి మేలు. బహుమానం కోసం వచ్చిన ట్యాంకు అది దొరకగానే వెళ్లిపోతాడు. జనం ట్యాంకు ఆడకపోవడానికి పెద్ద కారణం దారి తెలియకపోతే నలుగురిలో పరువు పోతుందన్న భయం. డంజన్‌లో దారులు తక్కువగా ఉంచండి, తర్వాతి గుంపు ఎటుందో నేల మీద గుర్తు చూపండి. తెర మీద పేర్లు ‘కవచధారి’, ‘ప్రాణదాత’ అని ఎంత ముచ్చటగా పెట్టుకున్నా, క్యూ బటన్ మీద మాత్రం ‘ట్యాంకు’, ‘హీలరు’ అనే రాయండి. చాట్‌లో వాళ్లు అనేదీ అదే.

9. పోరు బయటి లెక్కలు

బంగారానికి రెండు గడులు: రోజుకు ఎంత పుడుతోంది, ఎంత పోతోంది. వెయ్యిమంది రోజుకు రెండు గంటలు, గంటకు 600 నాణేలు అంటే 12 లక్షలు. మరమ్మతులు, ప్రయాణం, సంత రుసుము కలిపి 9 లక్షలే మింగితే, మూడు నెలలకు 2.7 కోట్లు మిగిలి ధరలు కొండెక్కుతాయి. మరమ్మతు ఖర్చు మాత్రం ట్యాంకు మీద ఎక్కువ పడనివ్వకండి. దెబ్బలు తినేది వాడే కాబట్టి సహజంగానే పడుతుంది, ఉన్న కొద్దిమందీ పోతారు.

10. నియమాలు ఒకదానికొకటి తగిలే చోట్లు వెతకండి

2005 సెప్టెంబరులో వార్‌క్రాఫ్ట్‌లో జుల్‌గురుబ్ అనే రెయిడ్‌లో బాస్ వేసే ‘కరప్టెడ్ బ్లడ్’ శాపం ఊళ్లలోకి పాకింది. పక్కవాళ్లకు అంటుకునే శాపం అది, రెయిడ్ లోపలే ఉండాల్సింది. కానీ వేటగాడు తన పెంపుడు జంతువును శాపం తగిలి ఉండగా వెనక్కి పంపి, ఊళ్లో మళ్లీ పిలిస్తే శాపం దానితోపాటే వచ్చింది. కొత్త ఆటగాళ్లు క్షణాల్లో చచ్చారు. శాపం నియమంలో తప్పు లేదు, జంతువు నియమంలోనూ లేదు. రెండూ కలిసిన గడిని ఎవరూ చూడలేదు.

షీటులో అడ్డంగా అన్ని శాపాలూ వరాలూ రాయండి, నిలువుగా ఈ సంఘటనలు: చావడం, తిరిగి లేవడం, డంజన్ నుంచి బయటపడటం, నెట్ తెగి మళ్లీ రావడం, జంతువును పంపడం, పార్టీ వదిలేయడం. ప్రతి గడిలో ‘ఉంటుంది’ లేదా ‘పోతుంది’ అని రాయాలి. ఖాళీ గడి మిగిలితే దాన్ని ఆటగాళ్లే నింపుతారు. మన దగ్గర ఎక్కువగా బయటపడేది నెట్ తెగే గడి. మొబైల్ డేటా మీద ఆడేవాడు పోరు మధ్యలో పోయి ఇరవై సెకన్లకు వస్తాడు, ఆలోగా వాడి త్రెట్ ఏమైందో, మానా నిండిందో ముందే తేల్చండి.

గేము జనానికి తెరిచాక ప్రతి పోరుకూ నాలుగు విషయాలు లాగ్‌లో పడాలి: ఎవరు చచ్చారో, చావుకు ముందు ఐదు సెకన్లలో తగిలిన దెబ్బలేమిటో, హీలరు ఖాళీగా ఉన్న శాతం, బాస్ చూపు ట్యాంకు మీంచి తొలగిన సందర్భాలు. హీలరు ఖాళీ పావు వంతు నుంచి పది శాతానికి పడిందంటే ఫోరంలో గోల మొదలవక ముందే మీకు తెలుస్తుంది. సరిచేసేటప్పుడు ఒకసారికి ఒక్క అంకె, పదో వంతుకు మించకుండా. వారం చూసి తర్వాతిది. బాస్ దెబ్బను 1,600 నుంచి 1,500 చేసిన రోజే హీల్‌ను 2,000 నుంచి 2,200 చేస్తే, ఏది పనిచేసిందో షీటు కూడా చెప్పలేదు.